ఆదివారం బ్రెడ్డు

ఈమధ్య ఏ పెళ్ళి భోజనానికి వెళ్ళినా ఇదే తంతు. ఎవరో పిల్ల పూరీ వద్దంటుంది. దానికి గోధుమ పడదండీ అని వాళ్ళమ్మ చెబుతుంది. అంతే, పక్కన కూర్చున్న పెద్దమనిషి అందుకుంటాడు. "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? అన్నీ కొత్త రోగాలు, డబ్బున్నవాళ్ళ వేషాలు!" నాకు ఒళ్ళు మండిపోతుంది. ఉన్నాయి మహాప్రభో, ఉన్నాయి. మా ఇంట్లోనే ఉంది. దాని పేరు తెలియక ఆ నేరం తీసుకెళ్ళి మా నాన్న మీద వేశాం.

డెబ్బైల నాటి మాట. నాన్న విశాఖ పోర్టులో పనిచేసేవాడు. ఓడలకెక్కించే ఇనపరాయి దుమ్ముతో ఎర్రబడిన చొక్కాతో ఇంటికొచ్చి, గుమ్మం బయటే కాళ్ళూ చేతులూ కడుక్కుని, ముందు చెల్లిని ఎత్తుకునేవాడు. తర్వాతే నేను. నాకు కుళ్ళుగా ఉండేది, దాచడం దేనికి? చెల్లికి మూడేళ్ళు దాటినా ఏడాది పిల్లలా ఉండేది. కాళ్ళూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం కుండ. తిన్నది తిన్నట్టే బయటికి పోయేది. ఎత్తుకుంటే నాన్న భుజం మీద తల వాల్చేసి, నవ్వకుండా ఏడవకుండా అలా ఉండిపోయేది.

అప్పట్లో మా ఇళ్ళలో బ్రెడ్డంటే రోగుల తిండి. బాగున్నవాడు అన్నం తింటాడు, జ్వరమొచ్చినవాడు పాలల్లో బ్రెడ్డు తింటాడు. ఆస్పత్రిలో ఎవర్నైనా చూడ్డానికి వెళ్తే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు ఉండాల్సిందే. చెల్లికి ఒంట్లో బాగుండదు కనుక నాన్న రోజూ బ్రెడ్డు తెచ్చేవాడు. ఇంకా పాడైతే ఇంకా బ్రెడ్డు. అన్నం అరగదని అమ్మ దాన్ని మానిపించేసింది, నోటికి మార్పుగా ఎప్పుడైనా ఉప్మా పెట్టేది. ఆ బ్రెడ్డు కోసం నాకూ జ్వరం రావాలని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఏదీ, రాయిలా ఉండేదాన్ని, ఒక్క జ్వరమూ దగ్గరికి రాలేదు.

మందులయ్యాయి, తాయెత్తులయ్యాయి. చివరికి అందరూ ఆ ఎర్ర దుమ్ము మీద పడ్డారు. పోర్టు గాలి పిల్లకి పడలేదు, గాలి మార్పు కావాలన్నారు. భీమిలి నుంచి అమ్మమ్మ వచ్చి చెల్లిని చంకనేసుకుని వెళ్ళిపోయింది. అక్కడ బ్రెడ్డెక్కడిది? చోడి అంబలి, అంటే రాగి అంబలి, గంజన్నం, చేపల పులుసు. రెండు నెలలు తిరిగేసరికి దానికి బుగ్గలొచ్చాయి. పెరట్లో కోళ్ళని తరుముతోందని కబురొస్తే అమ్మ కూర్చుని ఏడ్చింది.

"ఇంక దాన్ని ఇక్కడికి తేవద్దు. ఆ గాల్లోనే బతకనీ" అన్నాడు నాన్న. అన్నాడే గానీ ఉండలేకపోయాడు. ఆదివారం వస్తే నన్ను వెంటబెట్టుకుని భీమిలి బస్సెక్కేవాడు. జబ్బు చేసి లేచిన కూతురి దగ్గరికి ఉత్త చేతులతో ఎవడైనా వెళ్తాడా? వారం పొడుగునా సరిపోయేలా పెద్ద బ్రెడ్డు కొని, నలిగిపోతుందని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

అలా కొన్ని ఆదివారాలయ్యాయో లేదో చెల్లి పొట్ట మళ్ళీ ఉబ్బింది. అదే సముద్రం, అదే గాలి, పిల్ల మాత్రం మళ్ళీ మంచం పట్టింది. ఇంక గాలి మీదికి తోయడానికి లేదు. పిల్లకి ఒళ్ళు ఎప్పుడు పాడవుతోందా అని అమ్మమ్మ ఆలోచించింది. నాన్న వచ్చి వెళ్ళాక. అందరి దిష్టి కంటే కన్నవాళ్ళ దిష్టి చెడ్డదని మావాళ్ళ నమ్మకం. ఒక ఆదివారం అమ్మమ్మ నాన్నని అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మెల్లగా చెప్పింది.

"ఏటీ అనుకోకు బాబూ. ఆ గుంటని నువ్వు సూసే సూపు అలాటిది. కళ్ళతోటే మింగీసేలాగ సూత్తావు. నరదిష్టికి నల్లరాయి పగుల్తాదంతారు, ఇదేపాటిది? కొన్నాళ్ళు రాకు."

నాన్న గ్లాసు కింద పెట్టేశాడు. "నా వల్లేనేటత్తా?" అన్నాడు. మళ్ళీ తనే, "సరే, నాను రాను. బతికితే సాలు" అన్నాడు.

బస్సు దాకా నడుస్తూ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ చూపు తగులుతుందని. నా చెయ్యి మాత్రం నొప్పెట్టేలా పట్టుకున్నాడు.

ఆయన వెళ్ళడం మానేశాడు, చెల్లి కోలుకుంది. ఇంకేం, రుజువైపోయింది! ఆ రోజుల్లో నాన్న నా వైపు కూడా నిండా చూసేవాడు కాదు. ఏ మాట మాట్లాడినా పళ్ళెం వైపో గోడ వైపో చూసి మాట్లాడేవాడు. "నన్ను సూడు నాన్నా, నాకేటీ అవ్వదు, నాను రాయిని" అని గడ్డం పట్టుకుని తిప్పితే కళ్ళు మూసేసుకునేవాడు.

మనిషి నిద్రలేక చిక్కి సగమైపోతున్నాడని అమ్మ పోరగా పోరగా డాక్టరు దగ్గరికి బయల్దేరాడు, నన్ను తోడు తీసుకుని. ఆయనో పెద్ద వయసు డాక్టరు, చాలాకాలం ఉత్తరాదిలో పనిచేసి వచ్చినవాడు. నిద్రెందుకు పట్టడం లేదని అడిగితే నాన్న దాచకుండా అంతా చెప్పేశాడు. ఆయన నవ్వలేదు.

"ఆదివారం వెళ్ళినప్పుడు పిల్లకి ఏం పట్టుకెళ్ళేవాడివి?"

"ఏటి అట్టుకెల్తాను బాబూ, ఒంట్లో బాగోని పిల్లకి? బ్రెడ్డు."

"మీ ఇంట్లో ఉన్నప్పుడు ఏం తినేది?"

"అప్పుడూ బ్రెడ్డే."

"మరి వాళ్ళమ్మమ్మ దగ్గర?"

"అక్కడ బ్రెడ్డెక్కడ దొరుకుతాది బాబూ? అంబలి తాగుతాది."

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "కొందరి పేగులకి గోధుమ పడదు. అటువైపు ఇలాంటి పిల్లల్ని చూశాను. బ్రెడ్డు, బిస్కట్లు, ఉప్మా రవ్వ, సేమ్యా, ఇవేవీ పెట్టొద్దు. నువ్వు మాత్రం వెళ్ళు, వారం వారం వెళ్ళు. ఒకసారి పిల్లని తెచ్చి నాకు చూపించు."

ఇన్నాళ్ళూ నా చేత్తోనే పెట్టానే అని నాన్న అక్కడే కూలబడతాడనుకున్నాను. లేదు. లేచి నిలబడి, "అయితే నా కళ్ళు కాదు కదా బాబూ?" అన్నాడు.

"కాదయ్యా."

నాన్న మళ్ళీ అదే అడిగాడు. ఆయన విసుక్కోకుండా మళ్ళీ చెప్పాడు.

ఈ జబ్బు నిజంగా పెరిగిందా అంటే నేనేం చెప్పను? అది చదువుకున్నవాళ్ళు తేల్చాలి. మా ఊరు మారడం మాత్రం కళ్ళారా చూశాను. ఎనభైల్లో స్టీలు ప్లాంటు కడుతుంటే ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు, దువ్వాడ దాకా ఇళ్ళు లేచాయి, వీధివీధికీ బేకరీలొచ్చాయి, రాత్రిపూట అన్నం మాని చపాతీ తినడం మావాళ్ళకీ అలవాటైంది. అన్నం తినే ఇళ్ళలో అణిగి ఉన్నది గోధుమ వచ్చాక బయటపడి ఉండొచ్చు. పరీక్షలొచ్చాక తెలిసి ఉండొచ్చు. పెరిగీ ఉండొచ్చు. అప్పుడు లేదు అని మాత్రం నా ఎదుట అనకండి.

డాక్టరు చెప్పాక వచ్చిన ఆదివారం నాన్న ఒళ్ళో బ్రెడ్డు లేదు, మరమరాల ఉండల పొట్లం ఉంది. భీమిలిలో దిగి, అమ్మమ్మ ఇంటి మలుపు దాకా వచ్చి, గోడ పక్కన ఆగిపోయాడు. డాక్టరు కాదన్నా అమ్మమ్మ మాట ఆయన్ని వదల్లేదు.

"నువ్వెల్లి సెప్పు. నానిక్కడుంతాను" అన్నాడు.

నేను వెళ్ళక్కర్లేకపోయింది. చెల్లి అప్పటికే చూసేసింది. లంగా ఎత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఆయన కాళ్ళు చుట్టేసింది. నాన్న కళ్ళు గట్టిగా మూసుకుని, అలాగే దాన్ని ఎత్తుకున్నాడు. ఎంతసేపటికీ తెరవడు. చెల్లికి ఎందుకో తోచలేదు. అంబలి అంటిన చిన్న వేళ్ళతో ఆయన రెప్పలు పైకి లాగింది.

"లెగు నాన్నా! తెల్లారిపోనాది!"

నాన్న కళ్ళు తెరిచాడు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడే ఉంది. ఆయన చెల్లిని చూశాడు, తనివితీరా చూశాడు. చెల్లికి ఏమీ కాలేదు.