మోగితేనే లోపలికి

ఎల్మర్ జుపాన్ ఏ వస్తువునైనా ముందు తన నెత్తిన కొట్టుకుని చూస్తే తప్ప నమ్మడు. పెనం కొనడానికి దుకాణానికి వెళ్తే అడుగు మందం చూడడు, పిడి చూడడు. ఠంగుమని నెత్తిన ఒక్కటి కొట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ చప్పుడు పూర్తిగా ఆరిపోయేదాకా వింటాడు. "గొంతు బాగుంది" అన్నాడంటే కొంటాడు. "జలుబు చేసింది పాపం" అన్నాడంటే తిరిగి అరలో పెట్టేస్తాడు. ఒకసారి మేనకోడలి పెళ్ళిలో కానుకగా వచ్చిన వెండి పళ్ళేన్ని చర్చిలోనే పరీక్షించాడు. కళ్ళు సరిగ్గా ఆనని ముసలి పాదిరిగారు గంట కొట్టారనుకుని దీవెన చదివేశారు. పెళ్ళికొడుకు అప్పటికింకా కారు దిగలేదు.

ఆ నెత్తి మీద జుట్టు ఎప్పుడో విరక్తి చెంది వెళ్ళిపోయింది. మిగిలింది బొప్పి మీద బొప్పి కట్టిన గుండు. టోపీ ఏ పక్క నుంచి పెట్టినా కుదురుగా కూర్చోదు.

ఇలాంటి మనిషిని మరో ఊళ్ళో అయితే ఆసుపత్రిలో పెడతారు. టిల్టన్ ఊళ్ళో గుమ్మం దగ్గర పెట్టారు. ఒహాయో నది ఒడ్డున ఆ ఊరు ఉక్కు కార్ఖానా కోసం పుట్టింది. కార్ఖానా పోయింది, ఊరు మాత్రం ఎటు పోవాలో తెలీక అక్కడే ఉండిపోయింది. కార్మికుల యూనియన్ హాలు ఒకటి మిగిలితే, అందులో కుస్తీలు పెట్టుకున్నారు. మామూలు రోజుల్లో కొట్టడానికి కుర్చీ ఎత్తినవాడు ఓడినట్టు లెక్క. నవంబరులో ఒక్క శనివారం మాత్రం ఎత్తనివాణ్ణి జనం బతకనివ్వరు. దానికి సామాన్ల శనివారం అని పేరు. ఒక పోటీ నిచ్చెనలతో, ఒకటి బల్లలతో, ఒకటి గొలుసులతో. ఆఖరి పోటీకి ఆయుధాలు జనమే తమ ఇళ్ళ నుంచి తేవాలి. ఏడాది పొడుగునా మొగుడి మీదా, పెళ్ళాం మీదా, పై అధికారి మీదా వాడలేకపోయిన సామానంతా ఆ సాయంత్రం హాలుకి వస్తుంది.

వచ్చిన ప్రతి సామానూ ఎల్మర్ నెత్తి మీదుగానే లోపలికి వెళ్ళాలి.

"ఏంటయ్యా అది?"

"చెత్తడబ్బా మూత, పెద్దాయనా."

ఠాంగ్! "ఆహా, చర్చిలో పాడాల్సిన గొంతు. లోపలికి పంపించు. నీదేంటమ్మా?"

"పిండి వత్తుకునే కర్ర. మా అత్తగారిది."

టక్. ఎల్మర్ మొహం ముడుచుకుంది. "ఇది పాడదు. తీసుకుపో."

"పాడకపోతే ఏం? దెబ్బ గట్టిగా తగుల్తుంది కదా!"

"చివరి వరసలో మిసెస్ బ్లాజెక్ కూర్చుంటుంది, చూశావా? ఆవిడకు రెండు చెవులూ వినపడవు. ఆవిడకు కూడా వినపడాలి. అదీ నా పద్ధతి."

జనం ఈలలు వేసేవాళ్ళు. లోపలి కుస్తీ కన్నా గుమ్మం దగ్గరి కచేరీయే బాగుందని, దానికోసమే ముందొచ్చి వరసలో నిలబడేవాళ్ళూ ఉన్నారు.

నవ్వని మనిషి ఒక్కతే. పక్క కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళ ముంజేతి మీద ముద్ర వేసే వెర్నా.

వెర్నాకి ఎల్మర్‌ని చూస్తే ఒళ్ళు మండుతుంది, మండే హక్కు కూడా ఉంది. ఆమె భర్త క్లైడూ, ఎల్మరూ ఒకప్పుడు రింగులో బద్ధశత్రువులు. రింగు దిగితే ఒకే కారులో తిరిగి, ఒకే పళ్ళెంలో బంగాళాదుంప కూరిన పిరోగీలు తినేవాళ్ళు. ఒక సామాన్ల శనివారం నాడు ముందు వరసలోంచి ఎవడో ఎల్మర్ చేతికి చుట్టిన వార్తాపత్రిక అందించాడు. పత్రికతో కొట్టడమేంటని హాలంతా నవ్వింది. ఎల్మర్ నవ్వాడు. దెబ్బ తిన్నట్టు నటించడానికి సిద్ధమవుతూ క్లైడ్ కూడా నవ్వాడు. ఆ పత్రిక లోపల ఇనప గొట్టం ఉంది. క్లైడ్ నెత్తిన పడ్డ దెబ్బకి చప్పుడు కూడా రాలేదు. ఇచ్చినవాడెవడో ఇప్పటికీ తెలీదు.

క్లైడ్ బతికాడు. రోజూ పొద్దున్నే లేచి కుస్తీ బూట్లు వేసుకుని, తాళ్ళు బిగించుకుని, కిటికీ దగ్గర కూర్చుని అడుగుతాడు: "నా మ్యాచ్ ఎన్నింటికి?"

"దీని తర్వాతది నీదే," అంటుంది వెర్నా. రాత్రి పడుకోబెట్టేటప్పుడు ఆ తాళ్ళు తనే విప్పుతుంది.

ఎల్మర్ ఆ తర్వాత రింగెక్కలేదు. మరుసటి ఏడు గుమ్మం దగ్గర కూర్చుని, ఈ నెత్తి కచేరీ మొదలుపెట్టాడు. వారానికోసారి ఇంటికొచ్చి క్లైడ్‌కి గడ్డం గీసి వెళ్తాడు. వెర్నా తలుపు తీస్తుంది కానీ కాఫీ తాగుతావా అని అడగదు. మా ఆయన బుర్ర చెడగొట్టి, తన బుర్రతో డప్పు వాయించుకుంటున్నాడు, సిగ్గులేని మనిషి అని ఆమె అభిప్రాయం. ఆ మాట అతని మొహానే అంది కూడా. "డప్పు కాదు వెర్నా, గంట," అన్నాడు ఎల్మర్. ఆ రోజు నుంచి ముద్రల గురించి తప్ప మాటల్లేవు.

ఈ ఏడు ఆఖరి పోటీలో ఆమె కొడుకు డెల్ ఉన్నాడు.

వద్దని ఏడ్చింది, తిట్టింది, వాడి బూట్లు దాచేసింది. వాడు తండ్రి రెండో జత బూట్లు వేసుకుని వెళ్ళాడు. ఇంట్లో కిటికీ దగ్గర ఒకడున్నాడు, రెండోవాడికి కూడా కుర్చీ వేయాల్సి వస్తుందేమోనని పొద్దుటి నుంచీ ఆమె భయం. పోటీ తొందరగా మొదలై తొందరగా అయిపోతే చాలనుకుంది. వరస చూస్తే హాలు దాటి, కార్లు నిలిపే చోటు దాటి, రోడ్డు మీదికి పోయింది. ఎల్మర్ మాత్రం తాపీగా కేకు కాల్చే రేకుని మూడు రకాలుగా కొట్టుకుని వింటున్నాడు.

"తెమలవయ్యా! మంచు పడేలా ఉంది," అని కసిరింది వెర్నా.

"దీని కింది స్థాయి కూడా బాగుంది, విన్నావా?"

"నీ స్థాయి తగలెయ్య. కానీ!"

అప్పుడొచ్చాడు గస్. చలికాలంలో రోడ్ల మీద మంచు ఎత్తే బండి నడుపుతాడు, ఈగకు కూడా హాని చేయడు. చేతిలో పువ్వుల అంచు దిండు. దాని మీద 'దేవుడు ఈ ఇంటిని చల్లగా చూచుగాక' అని ఎర్రదారంతో కుట్టుంది.

వరసంతా విరగబడి నవ్వింది. ఎల్మర్ ఇంకా కేకు రేకు మైకంలోనే ఉన్నాడు. వెర్నా గస్ ముంజేతి మీద ముద్ర గుద్ది, దిండు లాక్కుని పరీక్ష గట్టెక్కిన సామాను కుప్పలోకి విసిరింది. "పద లోపలికి."

ఎల్మర్ తలెత్తాడు. "దాన్ని నేను వినలేదు."

"దిండుని వినడమేంటయ్యా! దిండు ఏం పాడుతుంది, జోలపాటా?"

"విననిది లోపలికి పోదు."

"ఒరే ముసలి పిచ్చోడా, అది దిండు! జనం చలికి చస్తున్నారు. దిండుతో కూడా కొట్టుకుంటావా?"

"ఒక్క క్షణం, అయిపోయింది, అయిపోయింది," అంటూ ఎల్మర్ కుప్పలోంచి దిండు మూల పట్టుకుని, లాగిన ఊపులోనే నెత్తికేసి కొట్టుకున్నాడు. పరీక్షకని మెల్లగా కొట్టుకోవడం అతనికి తెలీదు. రింగులో ఎంత గట్టిగా పడుతుందో అంతే గట్టిగా పడాలి. చేతికి బరువు తెలిసేసరికి చెయ్యి సగం దారి దాటిపోయింది.

చప్పుడు రాలేదు. ఎల్మర్ మోకాళ్ళ మీద కూలి, బల్ల కిందికి జారిపోయాడు.

వరస ఇంకా నవ్వుతూనే ఉంది. వెర్నా నవ్వు ఎరగదు కాబట్టి ముందుగా ఆమెకే అర్థమైంది. దిండు అందుకుని కుట్టు చించింది. దూది మధ్య నుంచి చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు నేల మీదికి దొర్లాయి.

"ఖాళీ దిండైతే గాల్లో తేలిపోతుందని... కాస్త బరువు ఉంటే విసిరేందుకు వీలుగా ఉంటుందని..." గస్ మొహం సున్నంలా తెల్లబడింది. "ఇలా అవుతుందనుకోలేదు వెర్నా, ఒట్టు, అనుకోలేదు."

ఆమె కూడా అనుకోలేదు. తొందరలో బరువు కూడా గమనించకుండా కుప్పలోకి విసిరింది తనే. ఆ కుప్ప పోయేది కొడుకు నెత్తి మీదికే.

లోపలి నుంచి డెల్ పరుగెత్తుకొచ్చాడు, ఒంటి మీద మెరుపుల చెడ్డీతో, కాళ్ళకి తండ్రి బూట్లతో. పోటీల కోసం పిలిపించి ఉంచిన అంబులెన్స్ మనిషి ఎల్మర్‌ని బెంచీ మీద పడుకోబెట్టి తలకి కట్టు కడుతుంటే, తల్లి చేతిలోని గుండ్లు చూశాడు.

"ఇది మోగలేదు కదా?" అన్నాడు మెల్లగా.

"నీకు కూడా ఆ పిచ్చేనా!"

"పిచ్చి కాదమ్మా. మోగే సామాను దెబ్బంతా చప్పుడికే ఖర్చు పెట్టేస్తుంది. మోగనిదే లోపలికి దిగుతుంది. మిసెస్ బ్లాజెక్ కోసం అనుకున్నావా? మా కోసం. లోపల మా అందరికీ తెలుసు."

"నాకెందుకు చెప్పలేదురా ఇన్నేళ్ళూ?"

"ఎవరికీ చెప్పకూడదన్నాడు. బయట తెలిస్తే జనం పనిగట్టుకుని మోగనివే తెస్తారట. నీకు చెప్పనా అని అడిగితే, తిట్టనీరా, తిట్టే హక్కుంది అన్నాడు."

వెర్నా బెంచీ పక్కన కూలబడింది. ఇన్నేళ్ళ ఠాంగులూ టక్కులూ ఒక్కొక్కటే చెవిలో తిరిగి మోగాయి. తను ఒక్క కాఫీ ఇవ్వలేదు.

ఎల్మర్ కళ్ళు తెరిచాడు. పైకప్పు చూశాడు, డెల్‌ని చూశాడు, ఆమెని చూశాడు. పెదవులు కదిలాయి.

"నా మ్యాచ్ ఎన్నింటికి?"

వెర్నా అతని మొహం మీదికి వంగింది. డెల్ గోడ పట్టుకున్నాడు. ఆ మాట ఆ ఇంటివాళ్ళకి తప్ప ఇంకెవరికీ అంత భయం పుట్టించదు.

"దీని... దీని తర్వాతది..." అని మొదలుపెట్టింది వెర్నా.

ఎల్మర్ మూతి ఒక పక్కకి వంకర తిరిగింది. నవ్వాపుకుంటున్నాడు.

"దొంగ వెధవా!" వెర్నా లేచి, బల్ల మీది కేకు రేకు అందుకుని రెండు చేతులా పైకెత్తింది. వరసలో జనం వెనక్కి జరిగారు. ఆమె ఆ నెత్తి మీది కట్టు చూసింది. కట్టులోంచి ఊరుతున్న ఎరుపు చూసింది. బయట సామాన్లు పట్టుకుని నిలబడ్డ వరస చూసింది. రేకు తిప్పి తన నెత్తి మీదే కొట్టుకుంది.

ఠాంగ్!

హాలు చివరి వరసలో మిసెస్ బ్లాజెక్ వెనక్కి తిరిగి చూసింది.

"నొప్పి లేదు," అంది వెర్నా ఆశ్చర్యంగా.

"పాడింది కదా," అన్నాడు ఎల్మర్ కళ్ళు మూసుకుని. "లోపలికి పంపించు."

వెర్నా బల్ల మీదున్న అతని టోపీ తీసి తన నెత్తిన పెట్టుకోబోయి, పక్కన పడేసింది. పనికి అడ్డం. "డెల్, ఎల్మర్ మామయ్యకి కాఫీ తీసుకురా," అని కేకేసి, వరస వైపు తిరిగింది. "ఊఁ, తర్వాత ఎవరయ్యా? ఏం తెచ్చావు? ఇలా ఇవ్వు."