అన్నపూర్ణ గారు దాచిన గొంతు

అన్నపూర్ణ గారు దివంగతులయ్యారని వారి చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను నిడదవోలు స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. వచ్చిన రైలు ఎక్కలేదు. కన్నీళ్లు తర్వాత వచ్చాయి. ముందు కోపం వచ్చింది. అంతటి విదుషీమణి తాను చేయని తప్పును నెత్తిన మోస్తూ కన్నుమూశారు. ఆ తప్పు చేసినవారు రాజమండ్రిలో నిక్షేపంగా ఉన్నారు.

టెలిఫోన్ శాఖలో ఆమె ఇంజనీరు, నేను ఆమె కింద ఉద్యోగిని. విద్వత్తు ఎంతటిదో నోరూ అంతటిదే. ఒకసారి నేను వైరు అతుకు సరిగ్గా వేయకుండా టేపు చుట్టేస్తే, "అతికిందా, అతికినట్టు నటిస్తోందా శ్రీనూ?" అని అందరి ముందూ అడిగారు. ఆ మధ్యాహ్నమే తన క్యారియర్‌లోని గుత్తివంకాయ కూర నాకు వడ్డించారు.

ఆమె తండ్రిగారు పౌరాణిక నాటకాల్లో కృష్ణ పాత్రధారి. ఆయన పద్యాలతో పాటు ఈ ప్రాంతపు నటులెందరివో క్యాసెట్లు మేమిద్దరం సభ్యులమైన రాజమండ్రి నాటక సమితి బీరువాలో ఉండేవి. వాటిలోని పద్యాలను కంప్యూటర్ డిస్కుల్లోకి ఎక్కించి, అందరూ ఇళ్ల నుంచే వినేలా నెట్‌వర్క్ స్టోరేజ్ సర్వర్ ఏర్పాటు చేసే బాధ్యతను పదవీ విరమణానంతరం ఆమె స్వీకరించారు. డిస్కులు బిగించారు, సర్వర్‌కు మారని అడ్రస్ ఇచ్చారు, సభ్యులకు పేరుపేరునా పాస్‌వర్డులు పెట్టారు. ఒక డిస్కులో చేరిన ప్రతి పద్యమూ రెండో డిస్కులోనూ చేరేలా అమర్చారు.

"రెండింట్లోనూ ఒకటే దాస్తే సగం చోటు దండగ కదండీ?" అన్నారు మా కార్యదర్శి గారు.

"విత్తనాల ధాన్యమంతా ఒకే పురిలో పోస్తారేంటండీ? ఒకటి తడిస్తే రెండోది ఉండాలి" అన్నారామె.

తర్వాత ఆమె కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటిపట్టున ఉన్నారు. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దమనిషికి రెట్టింపు చోటు చూపించుకోవాలని, కార్యదర్శి గారు షాపు మనిషిని పిలిపించి రెండు డిస్కులనూ ఒకటిగా కలిపించేశారు. ఇక ఒకటి పోతే అంతా పోయినట్టే. ఆమెకు మాటమాత్రమైనా చెప్పలేదు. పద్యాలన్నీ అందులోకే ఎక్కించి, ఇక క్యాసెట్లతో పనిలేదన్నారు.

దేవుడి పద్యాలున్న క్యాసెట్లను చెత్తలో వేయకూడదట! పాత దేవుడి పటాలను సాగనంపినట్టు పసుపూ కుంకుమా చల్లి, సన్నాయి మేళంతో పుష్కర ఘాట్‌లో గోదావరి పాలు చేశారు. ఆ భక్తికి నా జోహార్లు. రోహిణి కార్తె ఎండలకు ఒక డిస్కు చచ్చింది. పద్యాలన్నీ మాయమయ్యాయి. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి గారు లేచి, "అన్నపూర్ణ గారి సెటప్‌లోనే లోపం ఉందండి" అన్నారు. షాపు మనిషి నిజం నాతో చెప్పాడు గానీ సభలో నోరు విప్పలేదు. నేను చెబితే ఎవరూ నమ్మలేదు.

ఆమె ఏడవలేదు. మరో సర్వర్ కొని, ఇంట్లో మొదటినుంచీ తానే అమర్చారు. పెద్దాపురం నుంచి మొగల్తూరు దాకా తిరిగి, ఇళ్లలో మిగిలిన క్యాసెట్లు పోగుచేశారు. మొగల్తూరులో చేపల వ్యాపారం చేసే ఒకావిడ పెట్టెలో తండ్రిగారి పద్యం దొరికింది. వెనక జనం "వన్స్ మోర్" అని అరుస్తున్నారు. ఆరోజు మాత్రం ఆమె కళ్లు తుడుచుకున్నారు. క్యాసెట్ ఇచ్చిన ప్రతి కుటుంబానికీ సర్వర్‌లో చోటిచ్చారు. చివరికి ఆసుపత్రిలో దాని పాస్‌వర్డ్ నాకు అప్పగిస్తూ, "ఎవరడిగినా ఇచ్చెయ్ శ్రీనూ. ఆయనకి మాత్రం వద్దు. క్షమించేంత మంచిదాన్ని కాను" అన్నారు. నేనూ కానని చెప్పాను.

నిన్న కార్యదర్శి గారు ఫోన్ చేశారు. ఆదివారం సంస్మరణ సభట.

"మేడం గారి నాన్నగారి పద్యం పంపండి, సభ మొదట్లో వేద్దాం. మన సమితి సంచికకి ఆవిడ మీద ఓ వ్యాసం కూడా రాయండి."

"సెట్టింగ్ మార్పించింది మీరేనని మైకులో చెప్పండి. వెంటనే పద్యం వేస్తాను."

"మనిషే పోయాక ఇంకా ఈ కక్షలేంటండీ?"

"పోయింది ఆవిడండి. కక్ష నా దగ్గర భద్రంగా ఉంది."

ఆయన ఫోన్ పెట్టేశారు. వ్యాసం అడిగారు గనుక రాశాను; వేరే పత్రికకు పంపుతున్నాను.

అన్నపూర్ణ గారూ, మీవంటి గురువు నాకు మళ్లీ దొరకరు. ఈ లోటు తీరేది కాదు. మీ పాదాలకు నా నమస్సులు. ఆదివారం ల్యాప్‌టాప్‌తో ముందు వరసలోనే కూర్చుంటాను. ఆయన నిజం చెబితే మీ నాన్నగారి గొంతు హాలంతా మోగుతుంది. చెప్పకపోతే, మీ ఆత్మశాంతికని లేచి నిలబడి పాటించే మౌనమే ఆ సభలో మీ గురించి వినబడే ఏకైక సత్యం.