కోటి గారితో వేగిన రోజులు

మొన్న చిలకలూరిపేట రోడ్డు మీద టీ కొట్టు ముందు కూర్చుని ఉండగా మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీల లోడుతో ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు టీకి దిగాడు గానీ పాట ఆపలేదు. క్యాబిన్లోంచి వస్తున్న మోతకు నా బల్ల మీది గాజు గ్లాసు సన్నగా వణికింది. పక్క బల్ల దగ్గరి కాలేజీ కుర్రాళ్ళు తలలూపడం మొదలుపెట్టారు. నాకు మాత్రం తుమ్ములు అందుకున్నాయి. మిర్చి ఘాటు అనుకుని కొట్టాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఘాటు కాదు. ఆ పాట అడుగున 'ధడక్ ధడక్'మని నడిచే చప్పుడు, గుంటూరు దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పత్తి నుంచి గింజను వేరు చేసే యంత్రానిది. దాన్ని రికార్డు చేయడానికి ఒక పూటంతా మైకు పట్టుకుని ఆ యంత్రం ముందు నిలబడింది నేను. దూది నూగు ముక్కులోకి, కళ్ళలోకి, జడలోకి దూరి వారం రోజులు వదల్లేదు. నన్నలా నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బయట నీడలో హాయిగా కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి పేరు కోటేశ్వరరావు. అందరికీ కోటి. ఇవాళ పాటల కంపెనీ, షోల కంపెనీ, సినిమాల కంపెనీ అన్నీ ఉన్న ఆయన్ని వినోద వ్యాపారంలో పెద్ద తలకాయ అంటారు. నాకు మాత్రం ఏళ్ళ తరబడి తలనొప్పి. ఎదుట 'కోటి గారూ' అనేదాన్ని. మనసులో ఆ 'గారు' చాలాసార్లు ఊడిపోయేది.

వినుకొండ దగ్గర ఒక పల్లెలో మిర్చి, పత్తి వేసే కుటుంబం ఆయనది. గుంటూరులో ఇంజనీరింగు చదువుతూ మధ్యలో వదిలేసి, అద్దంకి అవతల మేనమామ పొలంలో వాడకం లేక పడివున్న పొగాకు బ్యారన్లో స్టూడియో పెట్టాడు. బ్యారన్ అంటే పచ్చాకును వేడికి మగ్గబెట్టే ఇటుక గది. ఎత్తుగా, కిటికీలు లేకుండా ఉంటుంది. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి వేడి బయటికి పోదు. అక్కడ కూర్చుని ర్యాప్ పాటలకు బీట్లు కట్టేవాడు. నేను వినుకొండలో పురోహితుడి కూతుర్ని. డిగ్రీ అయ్యాక ఒక కేబుల్ చానల్లో వార్తలు చదివాను, అది మూతపడింది. అద్దంకి దగ్గర ఎవరికో మేనేజరు కావాలట అని స్నేహితురాలు చెబితే, నాన్నగారికి ర్యాప్ అంటే ఏమిటో వివరించలేక 'పాటల కంపెనీ' అని చెప్పి, నడివేసవిలో బస్సులు మారి వెళ్ళాను. తలుపు తోసేసరికి నేల మీద బాసింపట్టు వేసుకుని, లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తలెత్తలేదు.

"మీరేనా మేనేజరు?"

"ఇంకా చేరలేదండీ."

"చేరండి. చేరి ఆ ఫ్యాన్ ఆపండి, రికార్డింగ్ జరుగుతోంది."

ఫ్యాన్ ఆపాను. ఉద్యోగంలో చేరింది అలాగే. ఏ పని చేయాలో, ఎప్పుడు ఇంటికి వెళ్ళొచ్చో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నిజానికి ఆ తర్వాత కూడా చెప్పలేదు.

ఆయనతో ఉన్న బాధ ఏమిటంటే, ఎవరేం అడిగినా సరేననేవాడు. ఒకే సాయంత్రం వినుకొండలోనూ ఒంగోల్లోనూ ఉంటానని ఒప్పుకునేవాడు. ఎక్కడికి వెళ్ళినా ఆలస్యమే. ఫోను ఎత్తడు. ఎత్తినా, వెనక వినిపిస్తున్న మేకల మెడ గంటల శబ్దం ఎంత బాగుందో చెప్పి, మనం అడిగినదానికి జవాబు చెప్పకుండా పెట్టేస్తాడు. కానీ స్టూడియోలో కూర్చుంటే మాత్రం వేరే మనిషి. అక్కడ ఆయన నోట ఒకటే మాట: "ఇంకోసారి."

నాగమణి వచ్చింది ఆ రోజుల్లోనే. పిడుగురాళ్ల పిల్ల. వాళ్ళమ్మ సున్నపు బట్టీలో పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై మంచాన పడింది. బస్టాండులో ఎవడితోనో నాగమణి పెట్టుకున్న తగువు విని, ఆ మాటల వేగానికి ముచ్చటపడి, కోటి ఆమెను బ్యారన్‌కు రమ్మన్నాడట.

"నాకు పాటలు రావన్నా. తిట్టడం వచ్చు," అంది ఆ పిల్ల వచ్చీ రాగానే.

"ఎవర్ని తిడతావో చెప్పు. పాట సంగతి నేను చూసుకుంటా."

ఆమె బట్టీని తిట్టింది. దుమ్మును తిట్టింది. అమ్మ దగ్గును 'కొంచెం ఓర్చుకో' అన్న వాళ్ళందర్నీ తిట్టింది. దానికి కోటి జిన్నింగు మిల్లు మోతను జోడించాడు. అంతవరకు బాగానే ఉంది. ఇక మొదలయ్యాయి ఇంకోసార్లు. మిట్టమధ్యాహ్నం, ఆ ఉడుకు గదిలో, అమ్మ గురించిన ఆ నాలుగు ముక్కలే మళ్ళీ మళ్ళీ పాడించాడు. చివరికి నాగమణి గొంతు తెగినట్టయి, నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కోటి మీద విరుచుకుపడబోతున్నాను. ఈలోగా మిక్సింగు చేసే మస్తాన్, "అన్నా, మైకు ఆన్లోనే ఉంది. ఆ ఏడుపు మొత్తం పడింది. పాట చివర పెడితే జనం చచ్చిపోతారు," అన్నాడు ఉత్సాహంగా.

కోటి లేచి వెళ్ళి, నాగమణి చూస్తుండగానే దాన్ని చెరిపేశాడు.

"ఆ ఏడుపు వాళ్ళమ్మ కోసంరా. మన కోసం కాదు," అన్నాడు.

నా కోపం సగం చల్లారింది. నాగమణి కళ్ళు తుడుచుకుని, "పాడతాలే అన్నా. ఈసారి గనక మళ్ళీ ఆ మాటన్నావంటే ఈ హెడ్‌ఫోన్లు నీ నెత్తినేసి కొడతా," అంది. పాడింది. ఎంత బాగా పాడిందంటే, మస్తాన్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కోటి కళ్ళు మూసుకుని విని, "చాలా బాగుంది," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఇంకోసారి," అన్నాడు. హెడ్‌ఫోన్లు నిజంగానే ఎగిరొచ్చాయి. పగిలిన ముక్కలు ఏరింది, ఎప్పటిలాగే, నేను.

ఆ పాట మా పల్నాడులో పత్తి ట్రాక్టర్లెక్కింది, ఆటోలెక్కింది, కాలేజీ వేడుకలకెక్కింది. తర్వాత హైదరాబాదుకెక్కింది. చల్లని గదుల్లో మసిలే మనుషులు కార్లలో వచ్చి, బ్యారన్లో చెమటలు కక్కుతూ ఆయన ముందు కూర్చునేవాళ్ళు. ఆయన హవాయి చెప్పులతోనే వాళ్ళతో మాట్లాడి, అన్నిటికీ సరేననేవాడు. గుంటూరులో ఆఫీసు తెరిచాడు. 'బ్యారన్ సౌండ్స్' అని బోర్డు పెట్టాడు. కొత్త గొంతులు తెచ్చాడు, మిరపకాయ బొమ్మ చొక్కాలు కుట్టించాడు, హాస్యం చేసే కుర్రాళ్ళను పోగేశాడు, చిన్న సినిమాలు తీయిస్తానన్నాడు. ఇందులో నా పని ఏమిటో నాకు పత్రికల ద్వారా తెలిసేది. ఒక ఉదయం పేపరు తెరిస్తే ఒంగోల్లో పెద్ద మైదానంలో మా ప్రదర్శన అని ఆయన ఇంటర్వ్యూలో ఉంది. ఫోను చేశాను.

"కోటి గారూ, పేపర్లో ఏదో పడింది."

"చూశావా? ఫోటో బాగా వచ్చింది కదా?"

"ఒంగోల్లో షో అంటున్నారు."

"అవును పద్మా. నువ్వే చేయిస్తున్నావు."

ఆ షోను హైదరాబాదు కంపెనీ ఒకటి మాతో కలిసి చేసింది. పాసులు, కెమెరాలు, ప్రత్యక్ష ప్రసారం వాళ్ళవి. షో రోజు ఉదయం మైదానానికి వెళ్ళి చూద్దును కదా, జనం బయటికి పోవడానికి నేను ఖాళీగా ఉంచమన్న వెనక దారిని మూసేసి, వాళ్ళ పెద్దమనుషులకు సోఫాలు వేశారు. కెమెరాలకు నిండుగా కనపడాలని కొత్తగా పాసులు పంచారు. పరుగెత్తుకెళ్ళి కోటిని పట్టుకున్నాను.

"ఇది ఒప్పుకోకండి. జనం విరగబడితే ఎటు పోతారు?"

"చూద్దాంలే పద్మా. నీకు ప్రతిదానికీ కంగారే," అంటూ ఎవరితోనో ఫోటో దిగడానికి వెళ్ళిపోయాడు.

పొద్దుగూకే వేళకు నాగమణి వేదికెక్కింది. జిన్నింగు మిల్లు మోత మొదలవగానే మైదానం మొత్తం ఒక్క ఊపున ముందుకు కదిలింది. నేను ముందు కంచె పక్కన ఉన్నాను. ఇనుప కంచె వంగడం చూశాను. దానికి అదుముకుపోయిన ఒక అమ్మాయి ముఖం చూశాను. నోరు తెరిచే ఉంది, అరుపు రావడం లేదు. వాకీటాకీలో గొంతు చించుకున్నాను. "కోటి గారూ, ఆపండి! ముందు పిల్లలు నలిగిపోతున్నారు, ఆపండి!" జవాబు లేదు. ఆయన ఎప్పుడు జవాబిచ్చాడు గనక! కోపంతో, భయంతో ఏడుపొచ్చింది. అప్పుడే చప్పుడు చచ్చిపోయింది. సౌండు బల్ల దగ్గరున్న కోటి మొత్తం కట్టేశాడు. పక్కనున్న కంపెనీ మనిషి ఆయన చెయ్యి పట్టుకుని, "ప్రసారం నడుస్తోందండీ. ఇప్పుడాపితే మన ఒప్పందం ఇక్కడితో సరి," అన్నాడని మస్తాన్ తర్వాత చెప్పాడు. ఆ చెయ్యి విదిలించుకుని, హవాయి చెప్పులతోనే వేదికెక్కి మైకు అందుకున్నాడు.

"ఒరేయ్, లైట్లన్నీ వెయ్యండి. వెనకున్నోళ్ళూ, నెట్టొద్దు! ముందు ఆడపిల్లలు నలిగిపోతున్నార్రా. వెనక్కి తిరగండి. తిరిగి నడవండి."

జనం కేకలు వేశారు. ఈలలు, బూతులు. నీళ్ళ సీసాలు ఎగిరొచ్చాయి. ఒకటి కనుబొమ మీద తగిలి రక్తం కారింది. ఆయన గొంతు మారలేదు.

"కొట్టండి. కొట్టి వెనక్కి జరగండి. ఆ సోఫాలు ఎత్తి అవతల పారేయండి, దారి అదే. సార్లూ, లేవండి, మీరూ నడవండి."

నాగమణి రెండో మైకు అందుకుంది. "అన్న చెప్తుంటే వినపడట్లా? ఏరా ఎర్రచొక్కా, నీకే చెప్పేది, తిరుగు!" ఎర్రచొక్కా వాళ్ళు ఆ మైదానంలో ఎందరున్నారో గానీ, చాలామంది తిరిగారు. సోఫాలు లేచాయి. కంచె మీది బరువు మెల్లగా సడలింది. మేము అమ్మాయిల్ని ఒక్కొక్కరినే పైకి లాగి వేదిక పక్కన కూర్చోబెట్టాం. ప్రాణం ఎవరిదీ పోలేదు. ఇంటర్ చదివే పిల్ల ఒకతెకు చెయ్యి విరిగింది.

మర్నాడు ఆసుపత్రిలో ఆ పిల్ల తల్లి కోటిని నానా మాటలూ అంది. కనుబొమ మీద కట్టుతో, చేతులు కట్టుకుని, అన్నీ పడ్డాడు. బయటికొచ్చాక నేను ఉండబట్టలేక, "దారి మూసింది కంపెనీ వాళ్ళని చెప్పొచ్చుగా!" అన్నాను.

"పొద్దున నువ్వు చెప్పావు. నేను చూద్దాంలే అన్నాను. ఇంకెవరి పేరు చెప్పను?"

పరిచయమైన ఇన్నేళ్ళలో తను పొరబడ్డానని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. నేను సంతోషించాల్సిన సంగతి. చేతకాలేదు.

కంపెనీ తప్పుకుంది. పాట మధ్యలో ఆపి పారిపోయిన మొనగాడని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ఒప్పుకున్న షోలు ఒకటొకటిగా రద్దయ్యాయి. అసలేం జరిగిందో ఒక్క మాట చెప్పండి మహాప్రభో అని నేను మొత్తుకుంటే, "చెబితే ఆ పిల్ల చెయ్యి అతుక్కుంటుందా?" అని బ్యారన్లోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. నాకు ఆ తలుపు బద్దలు కొట్టాలనిపించేది. కొన్ని నెలలకు ఒక ఆడపిల్లల కాలేజీ ప్రిన్సిపాలు ఫోను చేశారు. "మా పిల్లల తల్లిదండ్రులు ఆయన షో అయితే పంపుతామంటున్నారండీ. ఆ రోజు మైదానంలో ఉన్న పిల్లలు ఇంటికెళ్ళి చెప్పుకున్నారు," అన్నారు. ఆ కాలేజీ తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఊళ్ళు. ఆడవాళ్ళు, కుటుంబాలు నిర్భయంగా వచ్చే షోలంటే బ్యారన్ సౌండ్స్‌వే అన్న పేరొచ్చింది. ఆయన పైకొచ్చిన కథ అంటూ పత్రికలు రాసినవాటిలో ఈ ముక్క ఉండదు. ఆయన చెప్పడు గనక.

మొదటి కాలేజీ షోకు ముందు నన్ను పిలిచి, ఒక ఎర్రని మీట నా చేతిలో పెట్టాడు. అది నొక్కితే వేదిక మీద సౌండు మొత్తం పోతుంది.

"నీకు తేడాగా కనపడితే నొక్కు. నన్ను అడక్కు. పాడేది నాగమణైనా, మాట్లాడేది మంత్రైనా సరే."

"మీరు ఒప్పుకోకపోతే?"

"నేనెందుకు ఒప్పుకుంటాను? తిడతాను. నువ్వు నొక్కు."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. నేను నొక్కిన ప్రతిసారీ పదిమందిలో నన్ను తిట్టాడు. మర్నాడు ఫోను చేసి, ఏమీ జరగనట్టు, "టిఫిన్ తిన్నావా పద్మా?" అనేవాడు. క్షమాపణ అడగడం ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆయన సినిమాల కోసం హైదరాబాదు మారిపోతూ నన్నూ రమ్మంటే, "ఇక మీతో నా వల్ల కాదండీ," అనేశాను. "తెలుసు. ఇన్నాళ్ళు ఎలా అయిందా అనుకుంటున్నా," అని నవ్వాడు. నరసరావుపేటలో నాకు గది చూసిపెట్టింది, షోలు చేయించే నా చిన్న కంపెనీకి మొదటి కాలేజీని పంపింది కూడా ఆయనే. ఆ కాలేజీకి ఏ తేదీ ఒప్పుకున్నాడో నాకు చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

కిందటి నెల మార్టూరు వైపు ఒక కాలేజీలో వార్షికోత్సవం చేయించాను. కుర్రాళ్ళు గేటెక్కి దూకడం మొదలుపెట్టి, గేటు దగ్గర పిల్లలు ఇరుక్కోవడం చూసి, మంచి ఊపులో ఉన్న పాటను ఆపించాను. కరస్పాండెంటు గారు అందరి ముందూ అరిచారు. అయినా లైట్లు వేయించి, గేటు బార్లా తీయించి, అక్కడే నిలబడ్డాను. పిల్లలు గుంపులుగా నన్ను దాటుకుంటూ వెళ్ళారు. "ఎవరే ఈవిడ, మంచి పాట మధ్యలో ఆపేసింది?" అంది ఒకమ్మాయి. "ముసలి మొహం," అంది ఇంకో అమ్మాయి. చేతులూపుకుంటూ, గట్టిగా నవ్వుకుంటూ, నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోతున్నారు. వాళ్ళకు దారి చాలడం లేదనిపించి, నేను ఇంకాస్త పక్కకు జరిగి నిలబడ్డాను.