నల్ల ఆకుల తీగకు పోసిన నీళ్లు

1956 ఏప్రిల్‌లో మా అమ్మను విశాఖపట్నంలో ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో చేర్చారు. అప్పటికి నాకు పన్నెండేళ్ల నాలుగు నెలలు. ఇంట్లో నాన్న, నాయనమ్మ, నేను మిగిలాం. నాన్న చోడవరం తాలూకా కచేరీలో గుమాస్తా.

బస్సుకు బయలుదేరే ముందు అమ్మ అరుగు మీద కూర్చుని నాకు ఒకే ఒక్క పని అప్పగించింది. అరుగు అంచున నాలుగు కిరసనాయిలు డబ్బాల్లో ఆమె పెంచిన తీగలున్నాయి. అవి చిలగడదుంప తీగలే, కాని దుంప కోసం పెంచేవి కావు. ఆకు వంకాయ రంగులో, నీడన చూస్తే నల్లగా ఉండేది. ఒక దొరసాని తోటలోంచి రెండు జానల ముక్క అడిగి తెచ్చుకుని, దాన్ని నాలుగు డబ్బాలకు విస్తరించింది. నీరు నిలవకుండా ఒక్కో డబ్బా అడుగున మేకుతో ఐదేసి చిల్లులు తనే కొట్టింది. చూరు నుంచి పురికొసలు కట్టి తీగలను వాటి మీదికి పాకించేది. వాటిని చూస్తే నాయనమ్మకు నవ్వు.

"దుంపెయ్యని దుంప తీగ! పొద్దస్తమానం నీళ్లు తాగడానికి తప్ప ఎందుకే కోడలా ఇది?"

"సూడ్డానికత్తా," అనేది అమ్మ.

ఆ రోజు నాకు చెప్పిన మాట ఇది: "డబ్బాకి పొద్దున్నొక ముంత, సాయంత్రం ఒక ముంత. పోసే ముందు మన్నులో వేలెట్టి సూడు. రెండో కణుపు దాకా తడుంటే ఆ పూట మానేయ్. నేనొచ్చేసరికి చూరందుకోవాలి."

నేను ముంతల లెక్క పట్టుకున్నాను, వేలి సంగతి వదిలేశాను. వేలు పెట్టి చూడడం నాకు లెక్కలా అనిపించలేదు. నోటుపుస్తకంలో గళ్లు గీసి, పూటకు నాలుగు ముంతలు, రోజుకు ఎనిమిది, గీతలు పెట్టేదాన్ని. ఒక్క పూట తప్పలేదు. ఏప్రిల్ అంతా తీగలు బాగానే ఉన్నాయి.

తగువు అరుగు దగ్గర వచ్చింది. నాయనమ్మ వారానికి రెండుసార్లు అరుగును పేడతో అలికి ముగ్గు వేసేది. డబ్బాల అడుగునుంచి కారిన నీరు ఆ అలుకుడును తినేసి, ముగ్గును చెరిపేసి, ఎర్రటి చారలు కట్టేది. అమ్మ ఉన్నప్పుడు నీళ్లు పోశాక దగ్గరుండి గుడ్డతో తుడిచేదట. ఆ సంగతి నాకు చెప్పలేదు, నేను గమనించలేదు. మే నెల మొదట్లో ఒక పొద్దున్న నాయనమ్మ చీపురు పుచ్చుకుని నా మీదికొచ్చింది.

"ఒసే గుంటా, నా అరుగంతా సెరువు సేసేసేవేటే! మరోపాలి తడి కనబడిందా, ఈ డబ్బాలట్టుకెళ్లి గేదెల ముందు పోసేత్తాను. మీ అమ్మకి నేను సెప్పుకుంటాను."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. నాకు భయం పట్టుకుంది. నాన్న పెట్టెలో కవర్లకు సీలు వేసే ఎర్ర లక్క ముక్కలుండేవి. ఆ మధ్యాహ్నం నాయనమ్మ నిద్రపోతుండగా దీపం మీద లక్క కరిగించి, డబ్బాలు ఒక్కొక్కటే పక్కకు వాల్చి, చిల్లులన్నీ మూసేశాను. నాలుగైదులు ఇరవై. చేతి మీద రెండు చోట్ల కాలింది. ఆ సాయంత్రం నీళ్లు పోస్తే అరుగు మీద ఒక్క చుక్క పడలేదు.

"ఇప్పుడొచ్చింది నీకు పనితనం," అంది నాయనమ్మ. ఆ మాటకు నేను పొంగిపోయాను.

పదకొండు రోజులు అలా గడిచాక ఆకులు వాలిపోయాయి. వాడిన ఆకుకు దాహం తప్ప ఇంకో జబ్బు ఉంటుందని నాకు తెలియదు. నడివేసవి ఎండలు, దాహమేననుకున్నాను. డబ్బాకు పూటకు రెండేసి ముంతలు చేశాను. మన్ను మీద నీరు నిలిచి మెరుస్తుంటే, ఇక కొదవ లేదని ధైర్యం తెచ్చుకునేదాన్ని. అలా తొమ్మిది రోజులు. ముందు పదకొండు రోజులకు ఎనభై ఎనిమిది, తరువాత తొమ్మిది రోజులకు నూట నలభై నాలుగు. మొత్తం రెండు వందల ముప్పై రెండు ముంతలు. బయటికి పోయే దారి ఒక్కదానికీ లేదు. కాడలు మెత్తబడి, పురికొసల మీదే నల్లగా వేలాడాయి.

అదే వారం అమ్మ కార్డు వచ్చింది. దగ్గు కొంచెం తగ్గిందని రాసి, చివర నాకు ఒక ముక్క: "తీగలు చూరందుకున్నాయా?"

నాన్న జవాబు రాసి, అడుగున నా కోసం రెండు వరుసలు వదిలిపెట్టాడు. నేను రాశాను: "అందుకున్నాయమ్మా. రోజూ లెక్క ప్రకారం పోస్తున్నాను."

నాన్న అది చదివి లేచి అరుగు మీదికి వెళ్లాడు. కచేరీ పనుల్లో ఆయన డబ్బాల వంక చూసి ఎన్నాళ్లయిందో. నాలుగూ పెరట్లోకి మోసుకెళ్లి బోర్లించాడు. కుళ్లిన కంపు వచ్చింది. మన్నులో పిడికిలంత దుంపలు నల్లగా, మెత్తగా ఉన్నాయి. డబ్బా అడుగు చూసి ఆగిపోయాడు.

"ఇది నా లక్క కదే?"

"నాయనమ్మ గేదెలకి పోసేత్తానంది నాన్నా."

ఆయన చాకు తెచ్చి ఇరవై లక్క చుక్కలూ గీకేశాడు. వంటింట్లోంచి నాయనమ్మ "ఏటిరా ఆ కంపు?" అని కేకేస్తే, "ఎండకి పోయాయమ్మా తీగలు," అన్నాడు. కార్డు మాత్రం నా రాతతోనే పోస్టు చేశాడు.

పది రోజులకు మళ్లీ కార్డు. అమ్మ ఇలా రాసింది: "ఈసారి వచ్చేటప్పుడు నా తీగలోది జానెడు ముక్క సీసా నీళ్లలో పెట్టి తెండి. నీళ్లలోనే వేరు వస్తుంది. మంచం పక్కన పెట్టుకుంటాను."

ఊళ్లో ఎవరింట్లోనూ ఆ తీగ లేదు. నాన్న రెండు సాయంత్రాలు తిరిగి, చివరకు బుచ్చయ్యపేటలో ఒక రైతు చేనులోంచి మామూలు తీగ ముక్క పట్టుకొచ్చాడు. పచ్చాకు.

"నువ్వూ రా. చూడాలనుందట," అన్నాడు.

వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. వసారాలో కిటికీ అవతల నిలబడ్డాను. అమ్మ చేతులు సన్నబడిపోయాయి. నాన్న లోపలికి వెళ్లి సీసా ఇచ్చాడు. ఆమె ఒక ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు చూసింది. నాన్న నేలకేసి చూస్తున్నాడు. తరువాత అమ్మ నా వైపు తిరిగింది.

"సీసాలో పెడితే ముందు ఇలాగే పచ్చబడతాదే. ఎండ తగిల్తే మళ్లీ నలుపెక్కుద్ది."

అమ్మ పెంచిన తీగకు చిగురే నల్లగా పుడుతుంది. అది నాకు తెలుసు, నాకంటే బాగా ఆమెకు తెలుసు. కిటికీ ఊచలు పట్టుకుని, "అమ్మా, నేను..." అన్నాను.

"ఎంత ఎదిగిపోయేవే గుంటా! ఆ గౌను మోకాళ్లకి రాట్లేదు. మీ నాన్నకి కళ్లు కనబడవేటి?" అని నవ్వబోయింది. దగ్గు వచ్చింది. నర్సు వచ్చి మమ్మల్ని పంపేసింది.

తిరుగు బస్సులో నేను మనసులో అంతా వరుసగా కూర్చుకున్నాను: లక్క, ఇరవై చిల్లులు, రెండు వందల ముప్పై రెండు ముంతలు, కార్డులో రాసిన అబద్ధం. కార్డు మీద రాస్తే వార్డులో ఎవరైనా చదువుతారని, ఎదురుగా చెబుదామనుకున్నాను. నాన్న మళ్లీ వెళ్లేది ఇరవయ్యో రోజున. ఆ రోజు దాకా నోటుపుస్తకంలో ఇరవై గళ్లు గీసుకుని, రాత్రి పడుకునే ముందు ఒక్కొక్కటి కొట్టేసేదాన్ని.

అమ్మ పదిహేడో రోజున పోయింది. మూడు గళ్లు మిగిలాయి.