నాసి లెమాక్ కాయితం ఎంగిలా, కాదా?

ఆ గురువారం పొద్దున్న వీధిలో అందరి గేట్ల ముందూ ఖాళీ. మా గేటు ముందు మాత్రం తెల్ల సంచీ ఒకటి అలాగే కూర్చోని ఉంది. రీసైక్లింగ్ లారీ వచ్చి వెళ్ళిపోనాది. పక్కింటోళ్ళవీ ఎదురింటోళ్ళవీ ఎత్తుకొని, మాది మూతి విప్పి చూసి, మళ్ళీ ముడేసి వదిలేసినారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ దారినే అందరూ ఆఫీసులకి వెళ్ళాలి మరి!

మలేసియాలో ఈ సెరంబాన్‌లో మాకున్న రూలు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వంటింటి చెత్త పచ్చ తోంగులో, అంటే గేటు దగ్గరుండే పెద్ద డబ్బాలో వెయ్యాలి. దానికి వారంలో రెండుసార్లు లారీ వస్తాది. కాయితం, ప్లాస్టిక్, గాజుసీసాలు, రేకు డబ్బాలు వేరే సంచీలో కట్టి గురువారం గేటు ముందు పెట్టాలి. దానికి వేరే లారీ. ఆ సంచీలో కూరా నూనే మెతుకూ ఉండకూడదు. పాత పరుపులు, కొట్టేసిన కొమ్మలు ఉంటే అవీ ఆ రోజే. అంతే కదా, ఇందులో అర్థం కానిదేటుంది అనుకునేదాన్ని, ఆ రోజు దాకా.

ఈ వేరుచేసే పని మా ఇంట్లో మా యమ్మది. ఎవరూ అప్పజెప్పలేదు, తనే లాక్కున్నాది. మోకాళ్ళ నొప్పి ఎక్కువై, మా పల్లె సుంగై సుమున్ నుంచి మా యింటికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. అక్కడ ఉన్నప్పుడు చెత్తకి రూలూ లేదు, లారీ లేదు. ఇంటెనక గొయ్యి తీసి కాల్చడం, పళ్ళ తొక్కలు అరటి మొదట్లో వెయ్యడం. కానీ అక్కడ మాటకి లోటు లేదు. తెల్లారకముందే కంచెకి అటొకరూ ఇటొకరూ నిలబడి మొదలెడితే సూర్యుడు నెత్తి మీదకి వచ్చేదాకా తెలుగే. ఇక్కడ నేనూ మా ఆయనా పనికి పోతాం. మా పిల్ల బడికి పోతాది, వచ్చి ఫోన్లో పడతాది. దానికి తెలుగు అర్థమవుతాది గానీ నోట్లోంచి రాదు. అమ్మమ్మ తెలుగులో ఒకటంటే అది ఇంగ్లీషులోనో మలాయ్‌లోనో ఇంకొకటంటాది, లేదా నవ్వేసి వెళ్ళిపోతాది. అందుకే మా యమ్మ ఆ చెత్తతో కాలక్షేపం చేసేదేమో. కాయితాలు చదును చేసి, మడతలు పెట్టి, డబ్బాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, కూతురి పెళ్ళికి సారె సర్దినట్టు సర్దేది.

ఆ రోజు ఆఫీసుకి ఆలస్యమవుతున్నా, ఆ సంచీ విప్పి చూడకుండా ఉండలేకపోయినాను. పైనే నాసి లెమాక్ కట్టిన కాయితాలు. కొబ్బరి అన్నం జిడ్డూ సంబల్ కారం ఎరుపూ అలాగే ఉన్నాయి. కానీ ఎంత అందంగా మడిచినాదో! కిందన రొట్టి చనాయ్‌కి పప్పు పోసిచ్చిన ప్లాస్టిక్ సంచీలు, ముడి విప్పి, వరసగా. వెళ్ళి పచ్చ తోంగు మూత తీసినాను. అందులో మా పిల్ల తాగి పడేసిన నీళ్ళ సీసాలు తళతళమని మెరుస్తున్నాయి. సోయా పాల డబ్బాలు, గొట్టం గుచ్చినవి, అవీ అందులోనే.

ఓలమ్మో, అంతా తిరగబడి ఉంది! జిడ్డువి సంచీలో, శుభ్రమైనవి తోంగులో. మా యమ్మకి మతిపోయిందా అనుకోడానికి లేదు, ఎందుకంటే తప్పు కూడా అంతా ఒకే పద్ధతిలో చేసినాది. ఏదో ఒక లెక్క ఉంది. అదేటో తెలుసుకోకుండా నాకు ఆ రోజు ఆఫీసులో ఏ పనీ సాగలేదు. జిడ్డు కాదు, తడి కాదు, రంగు కాదు. మరేటి?

సాయంత్రం ఇంటికొచ్చీ రాగానే అడిగినాను. "అమ్మా, నీళ్ళ సీసా తోంగులో ఎందుకేసినావు?"

"ఎంగిలిది కదే."

"ఎంగిలేటి?"

"ఆ గుంట, నీ కూతురే, మూతి ఎట్టి తాగుద్ది. సూడలేదేటి నువ్వు?"

"మరి నాసి లెమాక్ కాయితం?"

"దానికెవరు మూతెట్టినారు? నాను సేత్తో ఇప్పి అన్నం కంచంలో ఏస్తాను. కాయితం ఎంగిలెలాగవుద్దే?" అని నా వైపు జాలిగా చూసినాది, ఇంత వయసొచ్చినా నీకింకా తెలీదా అన్నట్టు.

అదీ సంగతి. లారీవాళ్ళ లెక్క మురికి, మా యమ్మ లెక్క ఎంగిలి. నోరు తగిలింది ఒకవైపు, తగలనిది ఒకవైపు. ఆ లెక్క ప్రకారం చూస్తే సంచీలో ఒక్క తప్పు లేదు. నాకు పట్టరాని నవ్వొచ్చినాది, ముచ్చటేసినాది కూడా.

అంతలో మా ఆయన వచ్చినాడు. గేటు ముందు సంచీ చూసినాడు, సంగతి విన్నాడు. మంచి మనిషే, పల్లెత్తు మాట అనడు. "అయ్యో, మీకెందుకు లా అత్తా ఈ చెత్త పని! వదిలెయ్యండి. హాయిగా కూర్చోండి," అన్నాడు. మాట మాటకీ ఆ 'లా' తగిలించడం ఇక్కడ మాకు అలవాటు.

మా యమ్మ "సరే బాబూ" అన్నాది. లోపలికెళ్ళి, సుంగై సుమున్ దగ్గర టౌను తెలుక్ ఇంటాన్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి ఫోన్ చేసినాది. "ఆదివారం కారేసుకొని రా. సుంగై సుమున్ ఎలిపోతాను. మీ యమ్మ కాడే పడుంటాను," అని చెప్పడం నాకు వినబడినాది.

పిన్నికే ఆరోగ్యం బాగులేదు, ఈమెని ఎవరు చూస్తారు? అడిగితే ఒకటే మాట. "మీ గేటు కాడ నా వల్ల సెత్త మిగిలిపోనాది. నాకు సిగ్గేసినాది." ఎన్ని విధాల చెప్పినా వినలేదు. శుక్రవారమంతా మా ఇద్దరికీ ఎడమొహం పెడమొహమే. శనివారం పొద్దున్న చూస్తే మంచం మీద చీరలు మడత పెడుతోంది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చినాయి.

ఆ విడిచిపెట్టిన సంచీ మళ్ళీ వేరుచెయ్యమని మా ఆయన పిల్లకి చెప్పినాడు. అది వెనక వాకిట్లో అన్నీ కుమ్మరించి, ముక్కు మూసుకొని, నన్ను పిలిచి ఇంగ్లీషులో అడిగినాది, ఎంగిలి అంటే ఏమిటి అని. మొన్నటి నుంచీ ఇంట్లో నలుగుతున్న మాట కదా, చెవిలో పడ్డట్టుంది.

చెప్దామని నోరు తెరిచినాను. మాట లేదు. మలాయ్‌లో 'సిసా' అన్నాను. అది మిగిలిపోయింది, ఎంగిలి కాదు. 'కోతోర్' అన్నాను. అది మురికి, ఎంగిలి కాదు. కడిగిన చెయ్యి కూడా నోట్లో పెడితే ఎంగిలే కదా! ఇంగ్లీషులో ఉమ్ము అని చెప్తే అది మొహం చిట్లించినాది. చెప్పేకొద్దీ చిక్కుపడిపోతున్నాది. ఇంత చిన్న మాట, రోజూ వాడే మాట, నేనే సరిగ్గా చెప్పలేనంటే నాకే వింతగా ఉంది.

"వెళ్ళి అమ్మమ్మని అడుగు!" అని విసుక్కున్నాను.

అది లేవలేదు. అక్కడే కూర్చోని, జిడ్డు కాయితం ఒకటి పైకెత్తి, గదిలోకి వినబడేలా కేకేసినాది. "అమ్మమ్మా! ఇది... ఎంగిలి ఆ?"

తెలుగులో. రెండే ముక్కలు, రెండూ వంకరే.

గదిలో చీరల చప్పుడు ఆగింది. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుంటూ మా యమ్మ వచ్చి గడప మీద కూర్చున్నాది. "కాదే గుంటా. నోరు తగల్లేదు కదా."

"కానీ కూర తగిలింది. నూనె తగిలింది." అది కాయితాన్ని వెలుతురికి పట్టి చూసినాది. "పేపర్ తిన్నాది, అమ్మమ్మా. చూడు. పేపర్ నూనె తిన్నాది."

మా యమ్మ మెడ సాచి ఆ మరక చూసినాది. నేనూ వంగి చూసినాను. కాయితం తిన్నాదట!

"మరి ఇది?" పిల్ల నీళ్ళ సీసా చూపించినాది.

"అది ఎంగిలే. నువ్వు మూతెట్టినావు."

"కడిగితే?"

"కడిగితే పోద్ది. కంచం ఎంగిలవుద్ది, కడుగుతాం, మల్లీ తింటాం. అరిటాకు కడుగుతావేటే? తిని పారేత్తాం."

పిల్ల కళ్ళు చిట్లించి ఆలోచించినాది. సీసా ఒక చేతిలో, కాయితం ఒక చేతిలో పట్టుకున్నాది. "అయితే బాటిల్ కంచం. పేపర్ ఆకు."

మా యమ్మ దాని మొహంలోకి చూసి పకపకా నవ్వినాది. "ఓలమ్మ ఓలమ్మ! నీ తెలివి సల్లగుండ! ఆకూ, కంచమూ, అంతే కదే! నాకెందుకు తట్టలేదే ఈ మాట?" ఆ తరవాత ఇద్దరూ వదల్లేదు. కంచాలు కడిగి సంచీలోకి, ఆకులు తోంగులోకి. గుడ్డు చితికి కారిన అట్ట? ఆకు. సార్డిన్ డబ్బా? కంచం. పెరుగు డబ్బా మూత? దాని మీద ఇద్దరికీ పెద్ద తగాదా. పిల్లకి మాట దొరక్కపోతే చేతులు తిప్పేది, మా యమ్మ ఆ మాట అందించేది, అది నోట్లో వేసుకొని అటూ ఇటూ తిప్పి మళ్ళీ పలికేది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయినాను. పొయ్యి మీద అన్నం అడుగంటినా కదల్లేదు.

ఆదివారం పదవకముందే మా పిన్ని కొడుకు కారేసుకొని వచ్చినాడు. "రెడీయా పెద్దమ్మా?"

"కూకో. టీ తాగెల్లు. నాను రాను."

"అదేటి! నువ్వే కదా రమ్మన్నావు? ఇంత దూరం వచ్చినాను. ఎవరేటన్నారు నిన్ను?"

నేను వంటింట్లో టీ తిరగబోస్తున్నాను. చెయ్యి ఆపి విన్నాను.

"ఎవరూ ఏటీ అన్లేదురా. బంగారం లాంటోళ్ళు. కూకో అంటారు, పడుకో అంటారు, మాత్తర ఏసుకో అంటారు, ఆ పని నీకెందుకు ఒగ్గెయ్యి అంటారు. ఈ ఇంట్లో అందరూ నాకు సెప్పినోళ్ళే. నన్ను ఏదన్నా అడిగినోళ్ళు లేరు. నిన్న ఆ గుంట అడిగినాది."

మా తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు. "సరే లా, మరి ఎప్పుడు రమ్మంటావు?"

"దాని అడగడం అయిపోయినప్పుడు," అన్నాది మా యమ్మ.