అక్క తాగని నీళ్లు

మొన్న కామారెడ్డిలో మనవరాలికి మూత్రంలో మంటగా ఉందని ఆస్పత్రికి తీసుకెళితే, డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, నీళ్లు బాగా తాగమని మరీ మరీ చెప్పింది. పిల్ల సరేనంది. నాకు మాత్రం ఎల్లారెడ్డిలో బస్సు దిగేదాకా మా అక్కే గుర్తొస్తూ ఉంది. బాధ అనలేను, లోపలంతా మొద్దుబారినట్టు అనిపించింది, అంతే.

వయసులో ఉండగా నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేశాను. మనిషి మూత్రాశయపు కణాలను చిన్న ప్లాస్టిక్ పళ్లాల్లో పెంచి, వాటి మీద బ్యాక్టీరియాను వదిలి, అది అంటుకున్నాక యాంటీబయాటిక్ పోసి ఏమవుతుందో చూసేవాళ్లం. మన కాలంలో అందరమూ మందు పడితే క్రిమి చావాల్సిందే అనుకునేవాళ్లం కదా, నేనూ అలాగే అనుకుంటూ చేరాను. తీరా చూస్తే, నీళ్లలో తేలేవి చచ్చేవి గానీ, కణాన్ని పట్టుకున్నవాటిలో కొన్ని అదే మందుకు తట్టుకుని మళ్లీ పెరిగేవి. కొన్ని మందులైతే కొద్దిగా వేసినప్పుడు చంపకపోయినా పట్టు సడలించేవి. అప్పుడు మెల్లగా కడిగితే చాలు, కొట్టుకుపోయేవి. ఆ కడిగే పని నాది. ఎవరినీ మెచ్చుకోని మా సారు నా చెయ్యి మెత్తన అనేవారు, దానికే పొంగిపోయేదాన్ని.

అక్కకు కూడా ఈ మూత్రంలో మంట జబ్బే, మాటిమాటికీ తిరగబెట్టేది. నాగిరెడ్డిపేట వైపు నాట్లు వేయడానికి కూలికి పోయేది. సెలవుకు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని, మాత్రలు పూర్తిగా వేసుకో, మందు వదులు చేసినదాన్ని కడిగేది నీళ్లే, పగలంతా తాగుతూ ఉండు అని పెద్ద పంతులమ్మలా చెప్పేదాన్ని. మాత్ర ఒక్కటీ మానలేదు పాపం. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వింది.

"తాగితె ఏడికి పోవాలెనే? మడి నడిమిట్ల చాటేడున్నది? మొగోళ్లు గట్టు మీదనే ఉంటరు. పొద్దుగూకినంక ఇంటికొచ్చి తాగుత తీయ్."

చివరికి జబ్బు మూత్రపిండాలకు పాకి, అక్క నలభై దాటకుండానే పోయింది. కబురు వచ్చినప్పుడు చేతిలో ఉన్న పళ్లెం కడగడం పూర్తిచేసి గానీ నేను బయలుదేరలేదు; ఎందుకో ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాదు.

ఇప్పుడు ఊళ్లో ఇండ్లల్లో మరుగుదొడ్లు ఉన్నాయి, కొత్త మందులు వచ్చాయి, కొన్ని మళ్లలో నాటు యంత్రాలు కూడా తిరుగుతున్నాయి. యంత్రం దిగని చోట ఇంకా ఆడవాళ్లే వంగుతున్నారు, వాళ్లకు చాటు ఇప్పటికీ లేదు. నీళ్లు తాగండమ్మా అని చెబుదామని నోటిదాకా వస్తుంది, తాగాక ఎక్కడికి పోవాలో చెప్పలేక ఊరుకుంటాను.