పెద్దక్షరం

స్పిరిట్ దూది వాసన తగిలితే నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. పదేళ్లకు పైగా నర్సుగా పనిచేస్తున్నా ఆ వాసన వెంటే మరియమ్మ సిస్టర్ గుర్తొస్తుంది.

నేను కొత్తగా చేరిన యాకుత్‌పురాలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఆమె హెడ్ నర్సు. ఛత్రినాకలో తెలుగు మీడియం చదివి వచ్చిన నాకు ఇంగ్లిషులో రాయాలంటే వణుకు. డ్యూటీ దిగేముందు రోగుల వివరాలు రిజిస్టరులో రాయాలి. పెద్దక్షరం, అంటే క్యాపిటల్ లెటర్, ఎక్కడ తప్పు పెడతానో అన్న భయంతో అసలు పెట్టేదాన్నే కాదు. చుక్కలు కూడా లేకుండా ఒకే బారున రాసేదాన్ని.

"ఏంది బిడ్డా, గిట్ల రాస్తున్నవ్? మాట మొదలైతే పెద్దక్షరం పెట్టాలె" అన్నదామె.

"మన తెలుగుల పెద్దక్షరాలే లేవు గదా సిస్టర్. అర్థమైతే చాలదా?"

"ఎవలికి అర్థం కావాలె? నీకా, నీ తర్వాత వచ్చెటోళ్లకా?"

నేను నవ్వి రిజిస్టరు మూసేశాను.

వారం తిరగకముందే బహదూర్‌పురా నుంచి ఖాజా భాయ్ అనే ఆటో డ్రైవర్ జ్వరంతో చేరాడు. పొద్దున ఇంజెక్షన్ ఇవ్వగానే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక గిలగిలలాడాడు. ఇక ఆ ఇంజెక్షన్ వద్దని, మాత్ర చాలని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం నేను "టాబ్లెట్ ఓకే ఇంజెక్షన్ నో మిల్క్ గివెన్" అని రాసి, బ్యాగు తీసుకుని బయల్దేరాను.

మెట్ల దగ్గర ఉండగా సిస్టర్ కేక వినిపించింది. "ఆగు! సూది పక్కకు పెట్టు!"

పరుగెత్తి వెళ్లాను. అప్పుడే డ్యూటీకి వచ్చిన నర్సు సిరంజి పట్టుకుని బిగుసుకుపోయింది. సూది ఇంకా గుచ్చలేదు. టాబ్లెట్, ఇంజెక్షన్ ఓకే, పాలు మాత్రం ఇవ్వలేదు అని చదువుకున్నదట. ఖాజా భాయ్ భార్య మా ముఖాలు చూస్తూ "క్యా హువా?" అని అడుగుతోంది.

సిస్టర్ నన్ను తిట్టలేదు. "నువ్వే చెప్పు ఆమెకు" అన్నది. జరిగింది చెప్పాను. ఆమె భర్త చేతిని తన రెండు చేతులతో కప్పేసింది.

తర్వాత సిస్టర్ రిజిస్టరు నా ముందు పెట్టింది. "తెలుగుల చివర్న 'ఇయ్యొద్దు' అంటే మాట అక్కడ తెగుతది. నీ ఇంగ్లిషుల ఏది తెంపుతది? చుక్క సన్నగుంటది, కనవడకపోవచ్చు. పెద్దక్షరం కనవడ్తది. మళ్ల రాయి."

"టాబ్లెట్ ఓకే. ఇంజెక్షన్ నో. మిల్క్ గివెన్." మూడు వాక్యాలు, మూడు పెద్దక్షరాలు.

ఫోన్లో స్నేహితులకు రాసేటప్పుడు పెద్దక్షరం నాకిప్పటికీ అక్కర్లేదు. రిజిస్టరులో మాత్రం రాసింది పైకి చదవందే సంతకం చేయలేను. ఇంగ్లిషు తప్పు పోతుందన్న సిగ్గు ఎప్పుడో పోయింది. నా రాత చదివి ఎవరో సూది చేతిలోకి తీసుకుంటారన్న భయం మిగిలింది. అది పోవాలని నేను కోరుకోను.